వాగు పాట ఆఖరు ముక్క

మొన్న మా అక్క మనుమరాలు నన్ను హైదరాబాదుల ఒక తావుకు తోల్కపోయింది. నీసొంటోల్ల కోసమే పెట్టిన్రు తాతా, సెంటర్ అంటరు, జర చూసొద్దాం దా అన్నది. ఇంటి ముంగట బోర్డు, రంగురంగుల జెండా, లోపల కుర్చీలు, పుస్తకాలు, తాగనీకి నీళ్లు. గడప కాడ అందరి చెప్పులు వరుసగ ఇడిసి ఉన్నయి. నేను నా చెప్పులు ఇడిసి, చేతుల పట్టుకొని లోపలికి నడిచిన. అక్కడి పిల్లలు నవ్విన్రు. ఎవ్వలు ఎత్కపోరు తాతా, బయట పెట్టు అన్నరు.

ఎత్కపోతరని గాదురా నాయినా. మస్కట్ల మాకది అలవాటు. గడప కాడ చెప్పులు లెక్కపెడితె లోపల ఎంతమంది ఉన్నరో దారిన పోయేటోడు గూడ చెప్తడు. అందుకే మా తావుల చెప్పులన్ని తలుపెన్క బియ్యం సంచిల వేస్తుంటిమి. పోయేటప్పుడు ఎవ్వలియి ఎవ్వలియో తెల్వక, ఒకల చెప్పు ఒకలు తొడుక్కొని, మెట్ల మీద లొల్లి. మీ కాలంల గూడ గిసొంటి తావు ఉండెనా తాతా అని అడిగిన్రు పిల్లలు. ఉండె. బోర్డు లేకుండె, గంతే.

దాని పేరు ఖాలా రూమ్. రువీ బజార్ల ఒక ఇస్త్రీ దుకాణం మీద ఒక్కటే గది. కింది నుంచి ఆవిరి వచ్చి గోడలన్ని ఎప్పుడూ వెచ్చగ ఉంటుండె. ఖాలా అంటె తురకంల చిన్నమ్మ. మా ఖాలా యాభై ఏండ్ల మనిషి, హైదరాబాద్ పాతబస్తీ, ఒక కంపెనీ మెస్సుల వంటమాస్టర్. బయట అందరికి ఆయన ఉస్తాద్. తలుపు పెట్టుకున్నంక మాకు ఆమె ఖాలా. మేము ఆమె అంటె ఆమె మొకం తేటపడుతుండె. అందుకే నేనిక్కడ ఆమె అనే రాస్త, చదివేటోల్లు ఏమనుకున్నా సరే.

పంతొమ్మిది వందల తొంభై దాటినంక రెండు మూడేండ్ల ముచ్చట ఇది. శుక్కురారం మాకు సెలవు. కంపెనీ రూముల ఎక్కడికిరా అని అడిగితె నేను గుడికి అంటుంటి, ఒకడు జుమ్మా నమాజుకు అంటుండె, ఇంకొకడు చర్చికి అంటుండె. అబద్ధం గాదు, నిజంగనే పోతుంటిమి. పొయ్యి, దండం పెట్టుకొని, అటు నుంచి ఇటు. రెండు గంటలయ్యేసరికి ఖాలా రూముల ఒకల నొసట బొట్టు, ఒకల మీద అత్తరు వాసన, ఒకలు ఇస్త్రీ మడత నలగని తెల్లంగి. మీ అందరికి దేవుడే సెలవు చీటి రాసిచ్చిండు పోండ్రి అని ఖాలా ఎక్కిరిస్తుండె.

మరి ఏం చేస్తుంటిరి తాతా అని పిల్లలు కండ్లు పెద్దగ చేసి అడిగిన్రు. ఏం చేస్తం, అన్నం తింటుంటిమి. ఖాలా ఖట్టీదాల్ అని పుల్లటి పప్పు, తలకాయ కూర వండుతుండె. ఎవ్వల నడక వాళ్లు నడుస్తుంటిమి, ఎవ్వల నవ్వు వాళ్లు నవ్వుతుంటిమి. వారం దినాలు బిగబట్టి నడిచినోనికి ఆ నాలుగు గంటలు సొంత నడక నడుచుడంటె ఏందో, అది అనుభవించినోనికే ఎరుక.

నేను టైలర్ను. ఒమానీలు వేసుకునే తెల్ల పొడుగంగీలు కుట్టుడు నా డ్యూటీ, మెడకాడ చిన్న కుచ్చు వేలాడుతది, ఆ కుచ్చు అల్లుట్ల నాకు మంచి పేరు. మాది జగిత్యాల దిక్కు. ఖాలా రూముకు మొదలు నన్ను తోల్కొచ్చింది కడపోడు. కడపల పుట్టిన ముస్లిం, నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. గుట్ట దాటి అమెరాతు అనే ఊరికి నీళ్లు కొట్టి వస్తుండె. ఒకనాడు చినిగిన అంగీ పట్టుకొని మా దుకాణానికి వచ్చిండు. కుట్టిచ్చిన. మర్నాడు ఇంకో అంగీ తెచ్చిండు. అది చినిగింది గాదు, చింపుకొచ్చింది. బ్లేడుతోని కోసిన చింపుకు, మేకు తగిలిన చింపుకు ఫరక్ టైలర్‌కు తెల్వదా? నాకు నవ్వచ్చింది. గట్ల మొదలైంది మా సోపతి. సోపతి అంటున్న గని, వాడు నా పానం. ఆ ముక్క గిప్పుడన్న సక్కగ చెప్పాలె గద.

నాలుగో మనిషి మలయాళీ. చర్చికి పోయేటోడు వాడే. సడక్‌లు కలిసే చౌరస్తాల నడుమ గుండ్రంగ పెట్టిన పూల మొక్కలకు నీళ్లు పట్టే డ్యూటీ. పిరికోడు, తలుపు సప్పుడైతె మంచం కిందికి చూస్తుండె.

గిప్పుడు మా అవ్వ సంగతి చెప్పాలె. మా దిక్కు తల్లిని అవ్వ అంటం. మా అవ్వ బీడీలు చేస్తది. మా వాడకట్టు ఆడోల్లందరు బీడీలు చేసేటోల్లే. పొద్దుగాల చాటలు పట్టుకొని మా అరుగు మీదికి వచ్చి కూసుంటరు, ఆకు కత్తిరించుకుంట, దారం చుట్టుకుంట ముచ్చట్లు. నేను వాళ్ల నడుమ పెరిగిన. కత్తెర పట్టుడు నేను నేర్చుకున్నది టైలర్ దుకాణంల గాదు, అవ్వ ఒడి పక్కన తునికాకు కత్తిరించుకుంట. వాళ్ల పాటలన్ని నాకు నోటికే.

అవ్వకు చదువు రాదు, నాకు రాసుడంటె బద్ధకం. గందుకే మాకు ఉత్తరాలు లేవు, క్యాసెట్లే. గల్ఫుకు పోయిన మా దిక్కు ఇండ్లల్ల శాన మందిది అదే పద్ధతి. అవ్వ మాట్లాడి క్యాసెట్ పంపుతది, సెలవు మీద పోయొచ్చే ఊరోడు ఎవ్వడో తెస్తడు. నేను విని, దాని మీదనే నా మాటలు నింపి, అదే క్యాసెట్ మళ్ల ఎవ్వని చేతనో పంపుత. ఒక్కటే క్యాసెట్, రెండు దిక్కుల అర్ధగంట అర్ధగంట, నాలుగేండ్లు అటు ఇటు తిరిగింది. నేను ఎర్ర దారం చుట్టి, బట్ట సంచిల పెట్టి కుట్టి ఇస్తుంటి. అక్కడ బీడీల అరుగు మీద వాడకట్టంత కూసోని వింటరు. ఒక దిక్కు అయినంక రెండో దిక్కు తప్పక తిప్పుతరు, ఖాళీగున్నా సరే, ఆఖర్న రెండు మాటలు ఉంటయేమోనని టక్కుమని బంద్ అయ్యేదాక వింటరు.

అవ్వ క్యాసెట్ వచ్చినప్పుడల్ల నేను ఖాలా రూముకు తీస్కపోతుంటి, అక్కడి టేపు మిషన్ల పెట్టి అందరం వింటుంటిమి. ఖాలాకు మా వాడకట్టు ముచ్చట్లంటె పిచ్చి. ఎవ్వల బర్రె ఈనిందో, ఎవ్వలకు ఆకు తక్కువ తూచిన్రో ఆమెకే నాకంటె ఎక్కువ యాది.

ఆ ఏడు బతుకమ్మ రోజులల్ల ఒక శుక్కురారం నాకు మనసు మనసుల లేదు. ఏంది గట్ల ఉన్నవు అని ఖాలా అడిగితె చెప్పిన. పదేండ్లప్పుడు నేను ఆడోల్ల నడుమ బతుకమ్మ ఆడుతుంటి. మా వాడకట్టోల్లు కట్టుకున్న ఒక పాట ఉంటది, బయట ఎక్కడ వినరాదు. పూలకు పోయిన పిల్ల వాగు అవతల చిక్కుకుంటది. వాగు నిండుగ వస్తది. చెట్టును దారి అడుగుతది, కొంగను అడుగుతది, పొద్దును అడుగుతది. ఎవ్వలు చెప్పరు. సరిగ్గ గాడికి వచ్చేసరికి మా అవ్వ వచ్చి నా రెక్క పట్టి వలయంల నుంచి గుంజుకచ్చింది. మొగపిల్లగానివి, ఆడోల్ల నడుమ ఎగురుడేందిరా, నలుగురు నవ్వుతున్నరు అని అందరి ముంగట వీపు మీద రెండు వేసింది. మళ్ల ఎన్నడు ఆ వలయంలకు పోలే. పాట ఆఖరు ముక్క ఏందో నాకు తెల్వదు. నా లెక్కల ఆ పిల్ల ఇంకా వాగు అవతలనే నిలవడి ఉన్నది.

ఖాలా మలయాళీకి హిందీల ఏదో చెప్పింది. మళ్ల శుక్కురారం వాడు రెండు సంచుల పూలు తెచ్చిండు. బిళ్లగన్నేరు, కాగితం పూలు, ఎర్ర గన్నేరు. తెంపినయి గాదు, కత్తిరించి పారేసినయే తెచ్చిన అని ఒట్టు పెట్టుకున్నడు. ఖాలా మెస్సు గంజు మూత తెచ్చి ముంగట పెట్టింది. పేర్చు అన్నది. నేను పేర్చిన. ఓనం పూల లెక్క నేల మీద పరవాలె గని గిట్ల గోపురం కడతరా అని మలయాళీ వంకలు పెట్టుకుంటనే పూలు అందించిండు. నడుమ బతుకమ్మ పెట్టి నలుగురం తిరిగినం. నేను పాడిన. ఖాలా చప్పట్లు కొట్టింది, ఒక్క చప్పట గూడ తాళంల పడలే. పిల్ల వాగు కాడికి పోంగనే పాట ఆగింది. తర్వాత నాకు రాదు గద. మళ్ల మొదటి నుంచి ఎత్తుకున్నం, మళ్ల గాడనే ఆగింది. గట్ల నాలుగు మాట్ల తిరిగినం. ఆఖరికి బతుకమ్మను బకెట్ల నీళ్లల్ల సాగనంపినం.

ఆనాడు నేను ఎంత సంబురపడ్డనో చెప్తె తక్కువే. పదేండ్ల పిల్లగాన్ని అయిపోయిన.

ఆ ఎనుక బేస్తారం, శుక్కురారానికి ముందటి దినం, నేను దుకాణంల ఎనుక గదిల కూసోని అవ్వ క్యాసెట్‌కు ఒక దిక్కు నింపిన. డ్యూటీ, ఎండ, అక్క పిల్లలు, అన్ని అడిగిన. రెండో దిక్కు తిప్పి చూడలే, ఎప్పుడు చూస్తుంటి గనుక? సంచిల కుట్టి, అమెరాతుల మేస్త్రి పని చేసే మా పక్కూరాయనకు ఇచ్చిన. సెలవు మీద పోతుండె, శనారం విమానమెక్కిండు. ఆ నడుమ శుక్కురారం కడపోనికి డ్యూటీ పడి రూముకు రాలేదు.

తర్వాతి శుక్కురారం వచ్చిండు. నా పక్కన కూసోని, ముసిముసి నవ్వుకుంట, మీ అమ్మ క్యాసెట్ రెండో వైపు ఇంటివా అని అడిగిండు. ఏముంది దాంట్ల అన్న. ఆ పొద్దు నువ్వు పాడ్తాంటే మిషన్లో ఆ క్యాసెట్టే ఉండాది, ఖాళీ వైపు తిప్పి నీకు తెలీకుండా బటన్లు ఒత్తినా, ఎప్పుడో నువ్వే ఇని మురిసిపోతావని అన్నడు.

వాడు పాడు పని చెయ్యలే. వాళ్లింట్ల అందరు చదువుకున్నోల్లు, ఉర్దూల ఉత్తరాలు రాసుకుంటరు. క్యాసెట్ తిరిగి పోతదని వానికి తెల్వదు. అవ్వ మాటలు నేను దాచుకుంటననే అనుకున్నడు. గని నా నోరు ఆగలే. నీ చేతులిరగ, నా కొంప ముంచినవు గదరా అన్న. అది ఇంటికి పోయింది, వాడకట్టంత కూసోని వింటది అని చెప్పంగనే వాని మొకం తెల్లగైంది.

పాట ఒక్కటే అయితె ఏదో బొంకుదును. ఖాలా నన్ను ఏయ్ పిల్లా అని పిలిచింది దాంట్ల ఉన్నది. అన్నిటికంటె ఆఖర్న, ఖాలా, మలయాళీ అన్నాలు పెట్టనీకి మూలకు పొయ్యి కాడికి పోయినంక, మిషన్ పక్కన మేమిద్దరమే ఉన్నం. గప్పుడు కడపోడు అన్న మాట నాకు యాదికున్నది.

"నువ్వు పాడ్తాంటే నాకు సెలవు పెట్టుకోని ఊరికి పోబుద్ధి కాదబ్బా."

నేనేమన్ననో గూడ యాదికున్నది.

"పోకు మరి. నువ్వు లేని శుక్కురారం నాకొద్దు. ఏ పిల్లనిచ్చినా వద్దు."

ఆ మాట మా అవ్వ వింటది. అరుగు మీది ఆడోల్లు వింటరు. మేస్త్రి వింటడు, రెండు నెలలకు తిరిగొచ్చి అమెరాతుల క్యాంపంత చెప్తడు. కంపెనీకి తెలిస్తె వీసా కేన్సల్ చేసి ఊరికి పంపుడే. పంపితె ఏ ఇంటికి పోవాలె? వీపు మీద రెండు వేసి గుంజుకచ్చిన మనిషి ఈమారు గడప తొక్కనిస్తదా? కొలువు పోతె ఇంకోటి దొరుకుతది. అవ్వ పోతె నాకు ఇంకో అవ్వ లేదు.

ఫోన్ చెయ్యి, ఆ దిక్కు వినొద్దని చెప్పు అన్నది ఖాలా. వద్దంటె ముందుగాల అదే చేస్తది మా అవ్వ అన్న. ఫోన్ ఉన్నది మండలంల, ఆమెకు కబురు పోవాలె, ఆమె రావాలె, పదిమంది నడుమ నేను ఏం చెప్పాలె? ఆలోచించిన కొద్ది పిచ్చి లేసింది. మలయాళీ ఆ దినం నుంచి వచ్చుడు బంద్ చేసిండు. నాకు కోపం రాలే, వాని గొంతు గూడ పోయింది గద దాంట్ల. రూము మూస్తదేమో అనుకున్న గని ఖాలా మూయలే. గొంతుకు మొకం ఉండదు, ఎవ్వలదో ఎట్ల గుర్తు పడతరు, అన్నం తినండ్రి అన్నది. అన్నది గని ఆమె గూడ తలుపుకు రెండు గొండ్లాలు పెట్టుడు మొదలు పెట్టింది.

కడపోనితోని నేను మాట్లాడలే. ఒక శుక్కురారం, రెండు, మూడు. ఒకనాడు వాడు దుకాణానికి వచ్చిండు. అంగీకి ఒక్క గుండీ లేదు. వచ్చి నా ముంగట నిలవడ్డడు. నేను వాని ఒంటి మీదనే అంగీ ఉండంగ, గుండీ కుట్టిన. దారం పండ్లతోని కొరికేటప్పుడు వాని గుండె కొట్టుకునే సప్పుడు వినవడ్డది. నాకంటె ఎక్కువ భయపడుతున్నడని గప్పుడు సమజైంది. రేపు శుక్కురారం రా, ఖాలా తలకాయ కూర చేస్తదంట అన్న. తలకాయ ఊపి పోయిండు.

చలి మొదలైనంక మేస్త్రి తిరిగొచ్చిండు. దుకాణంలకు వస్తుంటె ముందుగాల ఆయన మొకం చూసిన. మామూలుగనే ఉన్నది. తొక్కు డబ్బా ఇచ్చిండు, కుట్టిన బట్ట సంచి ఇచ్చిండు. అవ్వ మంచిగున్నదని, ఆకు మంచిది వస్తలేదని తిట్టుకుంటున్నదని చెప్పిండు. ఆగలేక, క్యాసెట్ విన్నరా అని నేనే అడిగిన. అందరం విన్నం, నేను గూడ ఉన్న అన్నడు. కుట్టు మిషన్ పట్టుకొని నిలవడ్డ.

"ఒక్క దిక్కే విన్నం. రెండో దిక్కు పెట్టి, పాట జరంత రాంగనే మీ అవ్వ బంద్ జేసింది. సెల్లులు అయిపోయినయి, లేవుండ్రి అన్నది. తెల్లారి నేను కొత్త సెల్లులు తెచ్చిస్త అంటె, వద్దు నీ పని చూస్కో పో అన్నది. మీ అవ్వకు మస్తు గరం ఉన్నది భాయ్."

సెల్లులు అయిపోలే. అది నాకు తెలుసు. మా వాడకట్టుల నా గొంతు పాటల ఎట్లుంటదో మా అవ్వకు తెల్వదా? ఒక్కతే కూసోని మొత్తం విన్నదన్నట్టే. ఇగ ఈ సంచిల ఉన్నది నా తీర్పు.

ఒక్కన్నే వినాలనుకున్న. ఖాలా ఒప్పుకోలే. అందరి గొంతులు పోయినయి, అందరం వింటం అన్నది. మలయాళీకి గూడ కబురు పెట్టింది. ఆ శుక్కురారం నలుగురి చెప్పులు మళ్ల బియ్యం సంచిల పడ్డయి. నేను కత్తెరతోని సంచి కుట్టు ఇప్పిన. ఎర్ర దారం అట్లనే ఉన్నది.

మొదటి దిక్కు పెట్టినం. అవ్వ గొంతు. ఆకు ముచ్చట, అక్క పెద్ద బిడ్డకు జొరం తగ్గిన ముచ్చట, ఎవ్వల మ్యాకనో నక్కెత్కపోయిన ముచ్చట. ఎనుక ఆడోల్ల నవ్వులు. నాకు చూసిన సంబంధం మాట ఒక్కటి వచ్చింది. ఆ పిల్లను వేరేటోల్లకు ఇచ్చిన్రు, నేనే వద్దన్న, మనకు తొందరేం లేదు అన్నది. ఎనుక నుంచి ఎవ్వలో ఆడామె ఏందే గట్లంటవు అంటుంటె, నా కొడుకు నా ఇష్టం, నీదేం పోయింది అన్నది. దిక్కు ఒడిసింది. ఖాలా లేచి క్యాసెట్ తిప్పింది. మా పాట వస్తదా, ఇంకేమన్న వస్తదా అని మలయాళీ ఏసుకు దండం పెట్టుకుంటున్నడు.

మా పాట రాలే. అవ్వ దగ్గింది.

"కొడుకా, గిప్పుడు ఎవ్వలు లేరు. తలుపు పెట్టిన. వాగు పాట ఆఖరు ముక్క నీకు రాదు. ఎట్లొస్తది? నిన్ను గుంజుకచ్చిన్నాడు పాట ఇంకా ఒడువనే లేదు. తప్పు నాదే. గిప్పుడు పాడుత, నేర్చుకో."

పాడింది. మొదటి నుంచి పాడింది, నిమ్మలంగ, పిల్లగానికి అక్షరాలు దిద్దించినట్టు. చెట్టును అడిగింది, కొంగను అడిగింది, పొద్దును అడిగింది. నేను గుంజుకపోబడ్డ కాడికి వచ్చింది. జర ఊపిరి తీస్కున్నది. ఆ తర్వాత వాగు దిగుతదట. పిల్ల తడిబట్టలతోని ఇంటికొస్తదట. ఎందాక పోయినవే, ఎవ్వలతోని ఉన్నవే అని తల్లి అడగదట. కొంగుతోని తలకాయ తుడుస్తదట, పీట వేసి బువ్వ పెడతదట. గంతే పాట.

నేను గోడకు మొకం పెట్టి ఏడిసిన. సిగ్గేం లేదు చెప్పుకోనీకి. కడపోడు నా వీపు మీద చెయ్యి వేసిండు, సరిగ్గ అవ్వ రెండు వేసిన కాడ.

పాట అయినంక అవ్వ మళ్ల మాట్లాడింది.

"నాకు సమజ్ కాలేదు కొడుకా. సమజ్ కాంది నా బతుకుల ఇదొక్కటే గాదు. నువ్వు ఇంటికి రా, నీ ఇల్లు నీకున్నది. చప్పట్లు కొట్టేటామె ఎవ్వలో, ఆమెకు చెప్పు, చప్పట పాట ఎన్క రావాలె, ముందట ఉరుకద్దని. ఆఖర్న మాట్లాడిన పిలగాన్ని నేను అడిగిన్నని చెప్పు."

ఖాలా ఒక్క నిమిషం బిత్తరపోయింది. ఆమె అన్నదా, నన్ను ఆమె అన్నదా అని మూడు మాట్ల అడిగింది. అన్నది అని చెప్తె కండ్లు తుడుచుకున్నది. తర్వాత యాదికొచ్చి, నా చప్పట్లకు ఏమైందంట, పాడేటోడే ఉరికితె నేనేం చెయ్యాలె అని అలిగి, ఆ పూట నాకు తలకాయ కూరల ముక్క వెయ్యలే.

క్యాసెట్ బంద్ కాలే. అవ్వ మాట్లాడుడు అయిపోయినా తిరుగుతనే ఉన్నది. కర్ కర్ మని సన్నగ సప్పుడు వస్తున్నది. ఏందది అన్నడు మలయాళీ. నాకు తెలుసు. కత్తెర. బీడీ ఆకు కత్తిరిస్తున్నది. మాట్లాడుడు అయినా అవ్వ బటన్ ఒత్తలే, ఎనుకటి మాటలన్ని చెరిగిపొయ్యేదాక, దిక్కు మొత్తం ఒడిసేదాక, మిషన్ పక్కన కూసోని పని చేసుకున్నది. మేమిద్దరం అన్న మాటలున్న తావుల గిప్పుడు అవ్వ కత్తెర సప్పుడే ఉన్నది. టక్కుమని బంద్ అయ్యేదాక నలుగురం అట్లనే కూసోని విన్నం.

ఆ క్యాసెట్ మీది కొసల రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటయి. అవి ఇరగ్గొడితె ఇగ దాని మీద ఎవ్వలు ఏం నింపలేరు. నా కత్తెర మొనతోని రెండూ ఇరగ్గొట్టిన. ఆ సాయంత్రమే బజార్ల ఇంకో క్యాసెట్ కొన్నం. మొదటి దిక్కు నేను మామూలు ముచ్చట్లు నింపిన. రెండో దిక్కు తిప్పి, ఎర్ర బటన్ ఒత్తి, మిషన్ కడపోని ముంగట పెట్టిన. వాడు వద్దు వద్దన్నడు. గొంతు సవరించుకున్నడు, రెండు మాట్ల నా దిక్కు చూసిండు.

"అమ్మా, బాగుండారా? ఆ పొద్దు ఆఖర్న మాట్లాడింది నేనే."

ఆ తర్వాత ఏం చెప్పాల్నో వానికి తెల్వలే. తెల్వక, ట్యాంకర్ సంగతి ఎత్తుకున్నడు. నీళ్లు ఎక్కడ నింపుతరో, గుట్ట ఎట్ల ఎక్కుతరో, అమెరాతుల ఏ ఇంటికి ఎన్ని ట్యాంకులు పోతయో, దిగుడుకాడ బ్రేకు ఎంత మెల్లగ తొక్కాల్నో, అన్ని మా అవ్వకు చెప్పుకుంట కూసున్నడు. దిక్కు ఒడిసి టక్కుమనేదాక నేను బటన్ ఒత్తలే.